మ్యాడ్ కౌ లాంటి జబ్బును మందలో ఎలా పట్టుకోవాలి, ఎలా ఆపాలి

పశువైద్యం చదువుతున్నవాళ్లను, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. డెయిరీ నడిపేవాళ్లకు, దాణా మిల్లు ఉన్నవాళ్లకు కూడా పనికొస్తుంది. ఆవుల మెదడును స్పాంజిలా చిల్లులు పడేలా చేసి చంపే మ్యాడ్ కౌ జబ్బు, అంటే బీఎస్ఈ, మన దేశంలో ఇప్పటిదాకా నమోదు కాలేదు. అయినా దీన్ని వివరంగా నేర్చుకోవాలి. దీనికి మందు లేదు, టీకా లేదు, బతికున్న ఆవులో పట్టుకునే రక్తపరీక్ష లేదు. ఒంట్లో చేరాక సగటున అయిదేళ్లు బయటపడదు. అలాంటి జబ్బును బ్రిటన్ ఒక్క ఏడాదిలో 37 వేల కేసులు చూసిన స్థితి నుంచి ఎప్పుడో ఒకటి వచ్చే స్థితికి తెచ్చింది. ఈలోగా అది మనుషులకు పాకి అక్కడ 178 మంది చనిపోయారు. ఆ పని ఏ వరసలో జరిగింది, ఎక్కడ ఆలస్యమైంది, మీరే ఆ కుర్చీలో ఉంటే ఏం చేయాలి అన్నది ఒక్కో అడుగుగా చెబుతాను.

ముందుగా ఒక మాట గుర్తుపెట్టుకోండి. ఇలాంటి జబ్బులో ఆవు పడిపోయిన తేదీ కన్నా పుట్టిన తేదీ ముఖ్యం. దూడగా ఉన్నప్పుడు దాని ముందు ఏ దాణా పెట్టారన్నది ఇంకా ముఖ్యం. కింద చెప్పే అడుగుల్లో చాలావరకు ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి.

మొదటి అడుగు: ఆవు నడవడిక రాసిపెట్టండి

1984 డిసెంబరులో ఇంగ్లండ్‌లోని సస్సెక్స్‌లో డేవిడ్ బీ అనే పశువైద్యుడు ఒక పాడి మందను చూడటానికి వెళ్లాడు. అక్కడ 133 నంబరు ఆవు నడుము వంచి నిలబడుతోంది, చిక్కిపోతోంది. తర్వాత తల వణకడం, కాళ్లు తూలడం మొదలైంది. 1985 ఫిబ్రవరిలో చనిపోయింది. అదే మందలోని ఇంకో ఆవు మెదడును ఆ సెప్టెంబరులో ల్యాబ్‌లో చూస్తే స్పాంజిలా చిల్లులు కనిపించాయి. కానీ ఇది కొత్త జబ్బు అని వేబ్రిడ్జ్‌లోని కేంద్ర పశువైద్య ల్యాబ్ గుర్తించింది 1986 నవంబరులో. మొదటి ఆవుకూ ఆ గుర్తింపుకూ మధ్య దాదాపు రెండేళ్లు గడిచాయి. ఒక్కో ఆవు ఒక్కో మందలో పడిపోతుంటే, వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూసే అవకాశం ఎవరికీ దొరకలేదు.

కాబట్టి మీరు చూసిన ప్రతి వింత కేసునూ రాయండి. ఈ జబ్బులో లక్షణాలు మొదట రోజూ పాలు పితికే మనిషికి తెలుస్తాయి, డాక్టరుకు కాదు. అతన్నే అడగండి. సాధువైన ఆవు కొత్తగా తన్నుతోందా? పాలు పితికే షెడ్డు గుమ్మం దగ్గర ఆగి మొరాయిస్తోందా? నేల మీద చిన్న కాలువ దాటడానికి కూడా జంకుతోందా? తిండి మామూలుగానే తింటూ పాలు, బరువు తగ్గుతున్నాయా? ముక్కు పదేపదే నాక్కుంటోందా, చెవులు ఊరికే ఆడిస్తోందా? తర్వాత మీరు పక్కన నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టండి. మామూలు ఆవు తలెత్తి చూసి ఊరుకుంటుంది. ఈ జబ్బున్న ఆవు ప్రతిసారీ ఒళ్లంతా ఉలిక్కిపడుతుంది, పది చప్పట్లకైనా అలవాటు పడదు. తల దగ్గర చెయ్యి ఆడిస్తే బెదిరి వెనక్కి లాక్కుంటుంది. నడిపిస్తే వెనక కాళ్లు తూలతాయి. జ్వరం మాత్రం ఉండదు.

ఇవే లక్షణాలు మెగ్నీషియం తగ్గినా వస్తాయి, కీటోసిస్ ముదిరినా వస్తాయి. లిస్టీరియోసిస్, సీసం విషం కూడా ఉన్నాయి. అందుకే ముందు వాటికి చికిత్స చేసి చూడండి. మెగ్నీషియం లోపమైతే మందు పడ్డాక తేడా తెలుస్తుంది. ఏ చికిత్సకూ లొంగకుండా వారాల తరబడి ముదురుతూ ఉంటే అప్పుడు అనుమానించండి. పెద్ద వయసు ఆవు, జ్వరం లేదు, నడక, నడవడిక, స్పర్శ మూడింటిలోనూ తేడా, చికిత్సకు లొంగలేదు అని ఒక నిర్వచనం కాగితం మీద రాసుకుని, అందరూ దాన్నే వాడేలా చూడండి. ఒక్కో డాక్టరు ఒక్కో కొలతతో లెక్కపెడితే ఆ లెక్క ఎందుకూ పనికిరాదు.

మన పల్లెల్లో ఇలాంటి ఆవు కనిపిస్తే మాత్రం మొదటి అనుమానం రేబిస్ మీదే ఉండాలి. రేబిస్ అయితే ఆవు రోజుల్లోనే చనిపోతుంది, వారాలు లాగదు. చొంగ కారుస్తూ, వింతగా అరుస్తూ ఉన్న పశువు గొంతులో ఏదో అడ్డం పడిందనుకుని నోట్లో చెయ్యి పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి, చేయనివ్వకండి. దాన్ని వేరుగా కట్టి, 1962కి ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవండి.

రెండో అడుగు: మెదడు చూడకుండా పేరు పెట్టకండి

బీఎస్ఈకి కారణం బ్యాక్టీరియా కాదు, వైరస్ కూడా కాదు. ఒంట్లో మామూలుగా ఉండే ఒక ప్రొటీన్ తప్పుడు ఆకారంలోకి మడతపడి, పక్కనున్న మంచి ప్రొటీన్‌ను కూడా అదే ఆకారంలోకి లాగుతుంది. పాలలో వేసిన తోడు చుక్క కుండ మొత్తాన్ని పెరుగు చేసినట్టే. దీనికి ప్రియాన్ అని 1982లో పేరు పెట్టిన స్టాన్లీ ప్రుసినర్‌కు 1997లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ప్రొటీన్ ఆవు సొంతదే కాబట్టి ఒళ్లు దాన్ని శత్రువుగా గుర్తించదు. యాంటీబాడీలు పుట్టవు, జ్వరం రాదు, రక్తంలో వెతకడానికి ఏమీ దొరకదు.

కాబట్టి నిర్ధారణ చనిపోయాకే. తల తీసిన తర్వాత పుర్రె వెనక, వెన్నుపాము బయటికొచ్చే రంధ్రంలోంచి చెంచాలాంటి పరికరం పెట్టి మెదడు కాండాన్ని బయటికి తీస్తారు. అందులో ఇంగ్లిషు వీ అక్షరంలా కనిపించే ఓబెక్స్ అనే చోటు మీకు కావాలి, ఎందుకంటే చిల్లులు ముందు అక్కడ, రెండు వైపులా సమానంగా కనిపిస్తాయి. అది చితికిపోకుండా తీయడమే ఇందులో నేర్పు. ఒక భాగం ఫార్మలిన్‌లోకి, ఒక భాగం తాజాగా ఐస్‌లోకి వెళ్లాలి. మొదటిది మైక్రోస్కోపు కింద చూడటానికి, రెండోది ఆ తప్పుడు ప్రొటీన్‌ను పట్టుకునే ఎలైసా, వెస్టర్న్ బ్లాట్ పరీక్షలకు. గ్లవ్స్, కళ్లద్దాలు, ముఖానికి షీల్డ్ లేకుండా చేతులు పెట్టకండి. వాడిన పనిముట్లను నీళ్లలో మరిగించినంత మాత్రాన ఏమీ కాదు, ప్రియాన్ దానికి చావదు. గాఢమైన కాస్టిక్ సోడాలోనో బ్లీచ్‌లోనో గంటసేపు ఉంచాలి.

ఫలితం చదివేటప్పుడు జాగ్రత్త. ఈ పరీక్షలు జబ్బు బయటపడటానికి కొద్ది నెలల ముందు నుంచి మాత్రమే పాజిటివ్ చూపిస్తాయి. రెండేళ్ల పశువులో నెగటివ్ వస్తే దాని ఒంట్లో ప్రియాన్ లేదని అర్థం కాదు. "అన్నీ టెస్ట్ చేశాం, అన్నీ నెగటివ్, ఇక టెన్షన్ లేదు" అనే మాట మీ నోటివెంట రాకూడదు.

మూడో అడుగు: చెప్పినవాడు నష్టపోకూడదు

దీన్ని తప్పనిసరిగా రిపోర్ట్ చేయాల్సిన జబ్బుగా బ్రిటన్ 1988 జూన్‌లో ప్రకటించింది. ఆ ఆగస్టు నుంచి అనుమానం ఉన్న ఆవులను ప్రభుత్వమే తీసుకుని చంపేది. పరీక్షలో జబ్బు తేలితే రైతుకు మార్కెట్ ధరలో సగం ఇచ్చేవారు, తేలకపోతే పూర్తి ధర. ఒక్కసారి రైతు వైపు నుంచి ఆలోచించండి. ఆవు కొంచెం తేడాగా ఉంది. ఇవాళే సంతకు తోలితే పూర్తి డబ్బు వస్తుంది, ఆఫీసుకు చెబితే సగం పోతుంది. నిజాయితీకి జరిమానా వేసే ఇలాంటి ఏర్పాటు ఏ జబ్బులోనూ పెట్టకూడదు. 1990 ఫిబ్రవరిలో దాన్ని పూర్తి ధరకు మార్చారు. మీరు ప్లాన్ రాసేటప్పుడు పరిహారం సంగతి మొదటి పేజీలోనే ఉంచండి.

నాలుగో అడుగు: మందమందకూ వెళ్లి ఒకే ప్రశ్నలు అడగండి

నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. 1987 జూన్‌లో వేబ్రిడ్జ్‌లోని ఎపిడెమియాలజిస్టు (జబ్బులు ఎలా వ్యాపిస్తాయో వెతికే నిపుణుడు) జాన్ వైల్‌స్మిత్‌కు ఈ పని అప్పగించారు. ప్రియాన్ గురించి అప్పటికి తెలిసింది తక్కువ. ఆయన దగ్గరున్నది ప్రశ్నల కాగితం, కేసులు వచ్చిన దాదాపు 200 మందల చిరునామాలు. ప్రతి చోటా అవే ప్రశ్నలు అడిగించాడు. ఆవు అక్కడే పుట్టిందా, కొన్నదా? ఏ జాతి? ఏ టీకాలు వేశారు? హార్మోన్లు ఇచ్చారా? ఈగల మందు ఏది పోశారు? పొలంలో ఏ కలుపు మందు కొట్టారు? గొర్రెలు ఉన్నాయా? దూడగా ఏ దాణా పెట్టారు?

మీరు కూడా ఇలాగే చేయండి. మీకు ముందే ఒక అనుమానం ఉన్నా సరే, దానికి సంబంధించిన ప్రశ్నలే అడిగితే దానికి సంబంధించిన జవాబులే వస్తాయి.

జవాబులను ఎలా చదవాలో చూడండి. కేసులు దేశమంతా ఒకేసారి, ఒకదానితో ఒకటి సంబంధం లేని మందల్లో మొదలయ్యాయి. చాలా మందల్లో ఒకటో రెండో ఆవులకే వచ్చింది, పక్కనే కట్టేసిన ఆవులకు రాలేదు. ఇది ఆవు నుంచి ఆవుకు అంటుకునే జబ్బు నడిచే దారి కాదు. గాలికుంటు అయితే మందలో ఒకదానికి వస్తే వారంలో సగం మందకు వస్తుంది. ఇక్కడ అందరికీ ఒకే చోటు నుంచి కొద్దికొద్దిగా వచ్చిపడుతున్నదేదో ఉంది. ఏదో ఒక జాతికే పరిమితం కాలేదు కాబట్టి వంశపారంపర్యం అన్న వాదన నిలవలేదు. అసలు గొర్రెలే లేని మందల్లో కూడా కేసులు ఉన్నాయి, కాబట్టి గొర్రెలకు వచ్చే ఇలాంటి మెదడు జబ్బు స్క్రేపీ నేరుగా అంటుకుంటోందన్న వాదన పోయింది. టీకాలు, హార్మోన్లు, పురుగుమందులు ఏవీ అన్ని మందల్లోనూ కలవలేదు. అన్ని చోట్లా కలిసింది ఒక్కటే. చచ్చిన పశువుల అవశేషాలను ఉడికించి, కొవ్వు తీసి, ఆరబెట్టి చేసిన మాంసం, ఎముకల పొడి కలిపిన దాణా.

ఇంకో రెండు గుర్తులు ఉన్నాయి, వీటిని ప్రత్యేకంగా చూడండి. ఒకటి, పాడి మందల్లో సగానికి పైగా మందల్లో కేసులు వస్తే, మాంసం కోసం పెంచే మందల్లో చాలా తక్కువ వచ్చాయి. పాడి మందలో దూడను పుట్టిన కొద్ది రోజులకే తల్లి నుంచి వేరు చేసి దాణా అలవాటు చేస్తారు. మాంసం మందలో దూడ నెలల తరబడి తల్లి దగ్గరే తాగుతూ, గడ్డి మేస్తూ పెరుగుతుంది. రెండోది గెర్న్‌సీ దీవి సంగతి. అక్కడికి బయటి నుంచి బతికున్న ఆవులను తీసుకురావడం తరతరాలుగా నిషేధం. అయినా జబ్బు వచ్చింది. ఆవులు రాలేదు, బ్రిటన్ నుంచి దాణా వచ్చింది. ఇలాంటి చోటు మీకు దొరికితే పది ల్యాబ్ ప్రయోగాలు చేయలేని పని అదొక్కటి చేస్తుంది, వెతకండి.

ఆ ప్రియాన్ మొదట ఎక్కడ పుట్టిందన్నది మాత్రం వేరే ప్రశ్న. గొర్రెల స్క్రేపీ నుంచా, ఏదో ఒక ఆవులో తనంతట తానుగానా అని ఇప్పటికీ వాదనలు ఉన్నాయి. కట్టడికి ఆ జవాబు అవసరం లేదు.

అయిదో అడుగు: పూర్తి రుజువు కోసం ఆగకండి

1987 చివరికి వైల్‌స్మిత్ దాణా దగ్గరికి వచ్చేశాడు. 1988 జులై 18 నుంచి నెమరు వేసే జంతువుల అవశేషాలతో చేసిన పొడిని నెమరు వేసే జంతువులకు పెట్టకూడదని ఆజ్ఞ వచ్చింది. కారణం ప్రియానేనని అప్పటికి అందరూ ఒప్పుకోలేదు. అయినా మూసేశారు. అది సరైన పని. మొదటి గుర్తింపు నుంచి లెక్కేసినా రెండేళ్లలోపే అసలు దారి మూతపడింది.

లోపం ఎక్కడ జరిగిందంటే, ఆజ్ఞ వచ్చిన రోజు రైతుల కొట్టాల్లో, డీలర్ల గోడౌన్లలో ఉన్న సంచుల గురించి ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు. డబ్బు పెట్టి కొన్న దాణాను రైతు పారబోయడు. ఆ సంచులు ఆవుల ముందుకే వెళ్లాయి. కొంచెం తింటే ఏమవుతుందిలే అన్న భావన కూడా ఉండేది. తర్వాతి ప్రయోగాల్లో జబ్బు ఉన్న ఆవు మెదడు ఒక్క గ్రాము తినిపిస్తే దూడలకు జబ్బు వచ్చింది. ఇంకా తగ్గించి చూస్తే ఒక్క మిల్లీగ్రాముకు కూడా వచ్చిన దూడ ఉంది. మీరు ఇలాంటి ఆజ్ఞ రాస్తే అందులో మూడు వాక్యాలు తప్పక ఉండాలి: ఉన్న స్టాకు ఏ తేదీకల్లా వెనక్కి ఇవ్వాలి, దానికి డబ్బు ఎవరిస్తారు, తీసుకున్న స్టాకును ఎక్కడ కాలుస్తారు. ఇంకోటి కూడా. బ్రిటన్ తన ఆవులకు వద్దనుకున్న ఆ పొడి 1988 తర్వాత కూడా యూరప్‌కు, ఆ తర్వాత ఆసియా దేశాలకు ఎగుమతి అవుతూనే ఉంది. మన ఇంట్లో విషం అనుకున్నదాన్ని పక్కింటికి అమ్మకూడదు. ఎగుమతి నిషేధం కూడా అదే రోజు, అదే కాగితంలో ఉండాలి.

ఆరో అడుగు: లెక్క పుట్టిన ఏడాదిని బట్టి వేయండి

ఇక్కడ ఒక ఎక్సెల్ షీట్ తెరిచి నాతోపాటు చేయండి. ఒక వరసలో కేసు తేలిన ఏడాది, పక్కన కేసుల సంఖ్య వేయండి. 1988లో 2,514. 1989లో 7,228. 1990లో 14,407. 1991లో 25,359. 1992లో 37,280.

నిషేధం వచ్చింది 1988లో. ఈ వరస చూసిన ఏ మంత్రి అయినా ఏమంటాడు? నిషేధం పని చేయలేదు, వేరే కారణం వెతకండి అంటాడు. 1993 జనవరిలో అయితే వారానికి దాదాపు వెయ్యి కేసులు వచ్చాయి.

ఇప్పుడు రెండో వరస వేయండి. అవే ఆవులు, కానీ ప్రతిదాన్నీ అది పుట్టిన ఏడాది కింద పెట్టండి. అన్నిటికన్నా ఎక్కువ కేసులు 1987, 88ల మధ్య పుట్టిన దూడల్లో కనిపిస్తాయి. నిషేధం తర్వాత పుట్టిన దూడల్లో సంఖ్య పడిపోతుంది. అంటే ఆజ్ఞ మొదటి ఏడాది నుంచే పని చేసింది. 1992లో పడిపోయిన ఆవులు నిషేధానికి ముందో, వచ్చిన కొత్తలోనో తిన్న దాణా ఫలితం అప్పుడు చూపిస్తున్నాయి. అయిదేళ్ల కిందటి తప్పు ఇవాళ్టి కేసుగా వస్తుంది. ఇవాళ మీరు తీసుకున్న మంచి నిర్ణయం కూడా అయిదేళ్ల తర్వాతే మొదటి వరసలో కనిపిస్తుంది. ఆ తర్వాతి అంకెలు చూడండి: 1993లో 35,090, 1994లో 24,438, 1996లో 8,149, 2000లో 1,443, 2010లో 11.

ఈ లెక్కలో ఒక చిక్కుంది, విద్యార్థులు తరచూ ఇక్కడే పడిపోతారు. నిన్నమొన్న పుట్టిన దూడల్లో కేసులు తక్కువ ఉండటం సహజం, వాటికి జబ్బు బయటపడే వయసు ఇంకా రాలేదు. అందుకని మొత్తం కేసులు పోల్చకండి. ఒకే వయసులో పోల్చండి. 1987లో పుట్టినవాటిలో అయిదేళ్ల వయసుకు ఎన్ని కేసులు, 1989లో పుట్టినవాటిలో అదే వయసుకు ఎన్ని అని చూడండి. అప్పుడు తేడా వస్తే ఆ తేడా నిజమైనది.

ఇంకో విషయం. చాలా ఆవులు అయిదేళ్ల వయసు రాకుండానే కబేళాకు వెళ్లిపోతాయి. వాటి ఒంట్లో ప్రియాన్ ఉన్నా కేసుగా లెక్కలోకి రావు. బ్రిటన్‌లో మొత్తం తేలిన కేసులు లక్షా 84 వేలకు పైగా ఉంటే, నిజంగా ప్రియాన్ సోకిన ఆవులు సుమారు 9 లక్షలు ఉండొచ్చని 1996లో శాస్త్రవేత్తలు గణితంతో అంచనా వేశారు. కనిపించే కేసులను చూసి జనానికి ఎంత ప్రమాదం ఉందో కొలవకూడదు అనడానికి ఈ రెండు అంకెలు చాలు.

ఏడో అడుగు: మిల్లు లోపలికి వెళ్లండి

నిషేధం తర్వాత పుట్టిన దూడల్లో కేసులు తగ్గాయి, కానీ ఆగలేదు. అలా 40 వేలకు పైగా కేసులు వచ్చాయి. ఎందుకు?

దీనికి జవాబు మ్యాపులో దొరికింది. మొదట్లో జబ్బు ఎక్కువగా ఉన్నది దక్షిణ ఇంగ్లండ్‌లో. నిషేధం తర్వాత పుట్టినవాటిలో ఉత్తర, తూర్పు ప్రాంతాల వాటా పెరిగింది. ఆ ప్రాంతాల్లో పందులు, కోళ్లు ఎక్కువ. ఆవులకు వద్దన్న పొడి పందులకు, కోళ్లకు అప్పటికి చట్టబద్ధమే. మిల్లు ఒకటే, మిక్సర్ ఒకటే, లారీ ఒకటే. ఉదయం కోళ్ల దాణా తయారుచేసిన మిక్సర్‌లోనే మధ్యాహ్నం ఆవుల దాణా తయారవుతుంది. గోడలకు, పైపుల మలుపులకు అంటుకున్న పిడికెడు పొడి కొత్త దాణాలో కలుస్తుంది. మిల్లీగ్రాము చాలిన జబ్బుకు పిడికెడు చాలా ఎక్కువ. 1989 నవంబరులో మనుషుల ఆహారం నుంచి తీసేసిన మెదడు, వెన్నుపాము కూడా 1990 సెప్టెంబరు దాకా పందుల, కోళ్ల దాణాలోకి వెళ్లాయి. అంటే ప్రమాదమంతా పోగై ఆ మిక్సర్లలోకే చేరింది.

కాబట్టి ఇన్‌స్పెక్షన్‌కు వెళ్లినప్పుడు రిజిస్టరు చూసి సంతకం పెట్టి రాకండి. మిక్సర్ మూత తీయించండి. కన్వేయర్ చివర, గోతి అడుగున, సైలో మూలల్లో ఏముందో చూడండి. లారీ ముందు ట్రిప్పులో ఏం మోసిందో డ్రైవరును అడగండి. ముడిసరుకు నుంచి శాంపిల్ తీస్తే సరిపోదు, తయారైన సంచిలోంచి తీయండి. చెప్పి వెళ్లొద్దు, చెప్పకుండా వెళ్లండి.

చివరికి బ్రిటన్‌కు అర్థమైంది ఏమిటంటే, ఒకే మిల్లులో రెండు రకాల దాణా ఉన్నంతకాలం ఎంత శుభ్రం చేసినా పూర్తిగా ఆపలేరు. 1996లో క్షీరదాల మాంసం, ఎముకల పొడిని పెంపుడు పశువులన్నిటి దాణాలోనూ నిషేధించారు, నిల్వ ఉంచుకోవడం కూడా నేరం చేశారు. 2001 జనవరి నుంచి యూరప్ అంతటా అలాంటి నిషేధమే వచ్చింది. జబ్బును నిజంగా తుడిచిపెట్టింది ఈ రెండో నిషేధమేనని నా అభిప్రాయం. మొదటిది దారి చూపింది, రెండోది తలుపు మూసింది.

ఎనిమిదో అడుగు: కబేళాలో కత్తి ఎక్కడ పడుతోందో చూడండి

ఆవు మాంసంలో ప్రమాదం అన్ని భాగాల్లోనూ సమానంగా ఉండదు. మెదడు, వెన్నుపాము, కళ్లు, వెన్నుపూసల పక్కనుండే నరాల ముడులు, టాన్సిళ్లు, చిన్నపేగు చివరి భాగం, వీటిలోనే దాదాపు అంతా ఉంటుంది. పాలలో ఉన్నట్టు ఆధారాలు లేవు. వీటిని తీసేయాలని 1989లోనే చట్టం వచ్చింది. కానీ 1995లో చెప్పకుండా తనిఖీలకు వెళితే శుభ్రం చేశామన్న మాంసానికి వెన్నుపాము ముక్కలు ఇంకా అంటుకుని ఉన్నాయి. అప్పటికి చట్టం వచ్చి ఆరేళ్లు. వెన్నుపూసలను యంత్రంలో నొక్కి చివరి మాంసం దాకా పిండే పద్ధతిని ఆ డిసెంబరులో నిషేధించారు.

1996 మార్చి 20న ఆరోగ్య మంత్రి స్టీఫెన్ డోరెల్ పార్లమెంటులో చెప్పాడు, మనుషుల మెదడును ఇలాగే పాడుచేసే క్రోయిట్జ్‌ఫెల్ట్ యాకోబ్ జబ్బులో కొత్త రకం కనిపించిందని, దానికి ఆవుల జబ్బుతో సంబంధం ఉండొచ్చని. చనిపోయినవాళ్లలో చాలామంది కుర్రవాళ్లు. వారంలోగా యూరప్ బ్రిటిష్ బీఫ్‌ను నిషేధించింది. 30 నెలలు దాటిన పశువు మాంసం మనుషుల ఆహారంలోకి రాకూడదన్న నియమం వచ్చి 2005 దాకా ఉంది. చిన్న వయసు పశువు మెదడులో ప్రియాన్ ఇంకా పేరుకోదు కాబట్టి ఆ వయసు హద్దు పెట్టారు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఈ కథతో ఒక చిన్న సంబంధం ఉంది. ఆ జబ్బు రక్తం ద్వారా పాకుతుందేమోనని, 1980 నుంచి 1996 మధ్య బ్రిటన్‌లో మూడు నెలలు ఉన్నవాళ్ల రక్తాన్ని అక్కడ తీసుకునేవారు కాదు. ఆ ఆంక్షను 2022లో ఎత్తేశారు.

తొమ్మిదో అడుగు: జనంతో ఉన్నది ఉన్నట్టు మాట్లాడండి

1990 మేలో బ్రిస్టల్‌లో ఒక పిల్లికి ఇలాంటి జబ్బే వచ్చిందని తేలింది. జాతి దాటి వేరే జంతువుకు పాకొచ్చన్న హెచ్చరిక అది. ఆ నెలలోనే వ్యవసాయ మంత్రి జాన్ గమ్మర్ టీవీ కెమెరాల ముందు తన చిన్న కూతురికి బర్గర్ అందించాడు. భయం పోగొట్టాలన్న ఉద్దేశం మంచిదే. కానీ ఆరేళ్ల తర్వాత నిజం బయటపడ్డాక జనం ప్రభుత్వం చెప్పిన ఏ మాటా నమ్మలేదు. ఈ వ్యవహారం మీద లార్డ్ ఫిలిప్స్ జరిపిన విచారణ 2000లో ఇచ్చిన నివేదిక కూడా ఇదే చెప్పింది. ప్రభుత్వం అబద్ధం చెప్పలేదు, కానీ జనం కంగారు పడతారని మరీ ఎక్కువగా భరోసా ఇచ్చింది.

మిమ్మల్ని మైకు ముందు నిలబెడితే మూడు విషయాలు చెప్పండి. మనకు తెలిసింది ఇది. తెలియనిది ఇది. తెలిసేదాకా ముందు జాగ్రత్తగా చేస్తున్నది ఇది. "ఏ ప్రమాదమూ లేదు" అన్న వాక్యం వాడకండి.

పదో అడుగు: చచ్చిన పశువులను లెక్కపెట్టండి

రైతు ఫోన్ చేస్తేనే వెళ్లి చూసే పద్ధతిలో చాలా కేసులు జారిపోతాయి. స్విట్జర్లాండ్ 1999లో దారి మార్చింది. కొట్టంలో చచ్చిన ఆవులు, నడవలేక అత్యవసరంగా కోసిన ఆవులు, వీటి మెదళ్లను వరసగా పరీక్షించడం మొదలుపెట్టింది. వెంటనే కనిపించని కేసులు కనిపించాయి. మీ బడ్జెట్ తక్కువైతే ముందు ఈ రెండు వర్గాల మీదే ఖర్చుపెట్టండి. ఆరోగ్యంగా ఉన్న వెయ్యి ఆవుల కన్నా పడిపోయిన వంద ఆవుల్లో కేసు దొరికే అవకాశం ఎక్కువ. తమ దేశంలో పుట్టిన ఆవుల్లో ఈ జబ్బు లేదని జర్మనీ చాలాకాలం నమ్మింది. పరీక్షలు పెంచాక 2000 నవంబరులో మొదటి కేసు దొరికింది, కొద్ది వారాల్లో ఇద్దరు మంత్రులు పదవులు వదులుకున్నారు. జపాన్‌లో 2001లో, కెనడాలో 2003లో ఇలాగే తేలింది.

ఒక కేసు దొరికితే దానితోపాటు అదే మందలో ఏడాది అటూఇటుగా పుట్టినవాటిని, చిన్నప్పుడు దానితో ఒకే దాణా తిన్నవాటిని వెతికి పట్టుకోవాలి. మంద మొత్తాన్ని చంపనక్కర్లేదు, అంటుకునే జబ్బు కాదు కదా. కానీ ఆ తోటి దూడలు ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నాయో తెలియాలంటే చెవి ట్యాగ్, పుట్టిన తేదీ, చేతులు మారిన ప్రతిసారీ రాత ఉండాలి. బ్రిటన్ 1996లో ప్రతి దూడకూ పాస్‌పోర్టు పెట్టింది ఇందుకే.

మన దగ్గర ఏం చేయాలి

ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ 2010లో భారత్‌ను బీఎస్ఈ ప్రమాదం అతి తక్కువగా ఉన్న దేశాల జాబితాలో చేర్చింది. పాడి పశువుల దాణాలో పశువుల మాంసం, ఎముకల పొడి కలపకూడదన్న నియమం ఉంది. మన దాణాలో తవుడు, వేరుశనగ చెక్క, పత్తి గింజల చెక్క ఉండటం మనకు పెద్ద రక్ష. అయితే ఆంధ్ర, తెలంగాణల్లో కోళ్ల పరిశ్రమ చాలా పెద్దది, కోళ్ల దాణాలో మాంసపు పొడి వాడటానికి అవకాశం ఉంది. కోళ్ల దాణా, పాడి దాణా రెండూ చేసే మిల్లు మీకు తెలిస్తే ఏడో అడుగు మళ్లీ చదవండి. రైతులకు కూడా ఒక మాట గట్టిగా చెప్పండి: కోళ్ల ఫారంలో మిగిలిన దాణా చవగ్గా వస్తోందని ఆవుకు, గేదెకు పెట్టొద్దు.

ఎక్కడా మాంసపు పొడి పెట్టకపోయినా ముసలి ఆవుల్లో అరుదుగా తనంతట తానే వచ్చే రకాలు కూడా ఉన్నాయి. ఈమధ్య యూరప్‌లో, బ్రెజిల్‌లో, 2024లో స్కాట్లాండ్‌లోని ఎయిర్‌షైర్‌లో కనిపించినవాటిలో ఎక్కువ ఇవే. అలాంటి ఒక ఆవు మెదడు పొడిగా మారి దాణా సంచిలోకి చేరితే మొత్తం మళ్లీ మొదలవుతుంది. జబ్బు పోయింది కదా, ఇక నిషేధం ఎత్తేయొచ్చు అన్న ప్రతిపాదన మీ టేబుల్ మీదకు వస్తే ఒప్పుకోకండి. మీ డెయిరీలో ప్రతి దాణా లోడుకూ బిల్లు, బ్యాచ్ నంబరు, తేదీ ఒక పుస్తకంలో రాయించండి. ఆ పుస్తకాన్ని ఏడాది చివర పారేయకుండా, ఆ దాణా తిన్న ఆఖరి దూడ బతికున్నంతకాలం దాచండి.